స్తోత్రగంట

గాలి ఆగింది. తగ్గడం కాదు, ఆగడమే. పొద్దున తొమ్మిది నుంచి ఈ తుఫాను షెల్టరు కిటికీ రెక్కల్ని పీకి పారేస్తానన్నట్టు ఊపిన గాలి, ఎవరో పీక నొక్కినట్టు ఒక్కసారిగా నోరు మూసింది. నూట అరవై మందిమి ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. ఎవరి ఒళ్ళోనో పసిబిడ్డ ఏడుస్తోంది, ఇంతసేపూ ఏడుస్తూనే ఉందని ఇప్పుడే తెలిసింది. పులిహోర పొట్లాల వాసన, తడి బట్టల వాసన. మెట్ల పైన గ్రిల్ తలుపు దగ్గర నా మనవరాలు వినీల నిలబడి ఉంది, మెడలో సచివాలయం ఐడీ కార్డు, చేతిలో తాళంచెవి, ఇరవై నాలుగేళ్ళ పిల్ల. ఆమె తల మీద గోడ గడియారంలో నాలుగూ పది. ఎవరో "హమ్మయ్య" అన్నారు. ఆ మాట హాలంతా పాకింది, మనుషులు కాళ్ళు చాపుకున్నారు, నవ్వారు కూడా. నేను మాత్రం గోడకి వీపు ఆనించి నా రెండు అరచేతులూ తొడల కింద దాచుకున్నాను. ఈ నిశ్శబ్దం నాకు తెలుసు. నలభై ఎనిమిదేళ్ళ కిందట ఒకసారి విన్నాను, ఇక్కడికి ఫర్లాంగు దూరంలో. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. ఆ నిశ్శబ్దాన్ని చెడగొట్టింది నేనే.

నిన్న వచ్చాను. అందరూ ఊరొదిలి పైకి పోతుంటే నేను ఊళ్ళోకి వచ్చాను. విజయవాడ బస్టాండులో అవనిగడ్డ బస్సు కండక్టరు "తుఫానంటుంటే ఇప్పుడేం పనండీ పెద్దాయనా అటు" అన్నాడు, మనవరాలు ఒంటరిగా ఉందండీ అన్నాను, అది సగం నిజం. సగం నిజాలు నాకు బాగా అలవాటు. వన్ టౌన్ పప్పుల గోడౌన్‌లో నలభై ఏళ్ళు కాటా దగ్గర నిలబడ్డాను, తూకంలో ఏనాడూ గింజ తేడా రానివ్వలేదు, ఇంట్లో నా భార్య సంపూర్ణమ్మకి మాత్రం ఆమె కన్ను మూసేదాకా ఒక్క విషయంలో తప్పుడు తూకమే వేశాను. "ఏమయ్యా, మీ ఊరు ఒక్కసారైనా చూపించవా" అని అడిగేది. ఊరెక్కడుందే, కొట్టుకుపోయింది అనేవాణ్ణి. ఊరుంది. గవ్వలదిబ్బ. మళ్ళీ కట్టారు, మళ్ళీ పిల్లల్ని కన్నారు, మళ్ళీ పడవలు దింపారు. హనుమాన్ జంక్షన్‌లో లారీల షెడ్డు నడిపే నా కొడుకు జాన్ పాల్ కూతురికి సచివాలయం ఉద్యోగం వస్తే, ఇన్ని ఊళ్ళుండగా పోస్టింగు ఇక్కడే పడింది. "తాతయ్యా, మీ ఊరే!" అని ఫోన్లో గంతులేసింది. నేను ఫోను పెట్టేసి బ్యారేజీ దాకా నడిచి వెళ్ళి, గేట్ల కింద నుంచి ఉరికే నీళ్ళని చూస్తూ నిలబడ్డాను. ప్రతి నవంబరులో ఒకరోజు అక్కడికి వెళ్ళి నిలబడేవాణ్ణి, ఆ ఏడు రెండుసార్లు వెళ్ళాను. రెండేళ్ళు వినీల రమ్మంటే రాలేదు. మొన్న టీవీలో తుఫాను తీరం దాటే చోటు చూపించి, ఎర్ర గీత సరిగ్గా ఈ మూల మీదుగా గీశారు. సంచీ సర్దుకున్నాను.

రాయి చూశాను నిన్న. గుడి ముందు నల్లరాయి, పంతొమ్మిది వందల డెబ్బై ఏడు నవంబరు పంతొమ్మిది శనివారం ప్రభువునందు నిద్రించినవారు అని పైన, కింద పేర్లు, నాలుగు వరసల నిండా. వేలితో తడుముతూ ఒక్కొక్కటే చదివాను. అమలమ్మ పేరు మూడో వరసలో ఉంది, పక్కనే వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న. లాజరు పేరు లేదు. మా నాన్న. ఇరవై రెండేళ్ళు ఈ గుడికి ఉపదేశి, ఫాదర్ గారు నెలకోసారి పడవ మీద వస్తే మిగతా రోజులన్నీ జపాలు చెప్పించి, పిల్లలకి జ్ఞానోపదేశం నేర్పి, చచ్చినవాళ్ళని సాగనంపి, గంట కొట్టిన మనిషి. ఆయనా వాళ్ళతోనే పోయాడు, వాళ్ళ పక్కనే మట్టిలో ఉన్నాడు, రాయి మీద మాత్రం లేడు. లేడని నాకు ముందే తెలుసు. రాయి వేసేటప్పుడు అమలమ్మ చెల్లెలు శౌరమ్మ మీటింగులో లేచి "ఆ పేరు చెక్కితే మా అక్క పేరు తీసెయ్యండి" అందని, చేపల లారీతో పాటు ఆ మాట కూడా విజయవాడ చేరింది. విని కాటా ముల్లు చూస్తూ నిలబడ్డాను. రాయి పక్కన, పాత రైలు పట్టాలు రెండు పాతి వేలాడదీసిన గంట. అదే గంట. బురద కడిగి అక్కడే ఉంచారు, అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

అదిగో శౌరమ్మ, ఎదురుగోడ దగ్గర జపమాల తిప్పుతోంది. అప్పుడు పదేళ్ళది, ఇప్పుడు తలంతా నెరిసింది, నుదురు మాత్రం అచ్చం అక్కదే, చూడలేక చూస్తున్నాను. పొద్దున నన్ను గుర్తుపట్టింది. "లాజరు ఉపదేశి కొడుకువి గదూ?" అంది. అవునన్నాను. "నిన్నేం అనన్లే అన్నా, తండ్రి చేసినదానికి నువ్వేం చేస్తావు" అని నా ముందు ఒక పులిహోర పొట్లం పెట్టింది. తిన్నాను. ఆ మాట విని కూడా ఆ పొట్లం విప్పి ముద్ద ముద్దా తిన్నాను, ఆకు మడిచి కిటికీ కింద పెట్టాను.

"అమ్మాయ్, తలుపు తియ్యి మరి." కాశీరావు లేచాడు. పడవ ఉంది, కొత్త ఇంజను ఉంది, నలభై ఏళ్ళుంటాయి, డెబ్బై ఏడు తుఫాను తరవాత పుట్టినవాడు. "గాలి పోయింది గదా. తాడు తెగిందో ఏమో చూసుకొచ్చి అరగంటలో ఇక్కడుంటా." వినీల కదల్లేదు. "పై నుంచి చెప్పేదాకా తియ్యకూడదండీ." "పై నుంచెవరు చెప్తారు, టవరు పడిపోయి మూడు గంటలైతే? దేవుడు చెప్పాలా?" జనం నవ్వారు. దానమ్మ కూడా లేచింది, ఆమె గేదె చూలుతో ఉందట, గట్టు మీద కట్టేసి వచ్చిందట. "నువ్వెళ్ళి మంత్రసానితనం చేస్తేగానీ ఈనదా ఏంటి నీ గేదె" అన్నాడు కాశీరావు. "నీ పడవకి మాత్రం నువ్వు పక్కన కూర్చుని పాలు పట్టాలా" అందామె. మళ్ళీ నవ్వులు. నవ్వుతూనే ఒక్కొక్కరే లేస్తున్నారు, చెప్పులు వెతుక్కుంటున్నారు. నాలుగూ పదహారు. చెప్పు మరియదాసూ, ఆగండి అని చెప్పు. చెప్తే ఎందుకంటారు. ఎందుకో చెప్తే నీకెట్లా తెలుసంటారు. ఆ తరవాత మాట దగ్గర నా గొంతు నలభై ఎనిమిదేళ్ళుగా ఆగిపోయి ఉంది.

మా ఊళ్ళో గంట మూడు రకాలు. పూజకి మూడు విడతలు. చావుకి ఒక్కో దెబ్బ, మధ్యలో పరలోక జపం చెప్పుకునేంత ఎడం. మూడోది స్తోత్రగంట, గాలివానో వరదో వచ్చి పోయాక ఆపకుండా కొట్టేది. అది వినపడితే ఎవరు ఎక్కడున్నా గుడికి రావాలి, మోకాళ్ళూని దేవుడికి స్తోత్రం చెప్పుకున్నాకే సొంత గడప తొక్కాలి. తాతల నాటి మొక్కు. పైకప్పు లేచిపోయిన ఇంటి పక్క నుంచి, ఆ ఇంటివైపు తల తిప్పకుండా గుడికి నడిచినవాళ్ళని చిన్నప్పుడు చూశాను. అందుకే స్తోత్రగంటకి తాడు నాన్న తప్ప ఎవరూ పట్టకూడదు. పూజ గంట నేనూ కొట్టేవాణ్ణి. నాన్న కొడితే దెబ్బకీ దెబ్బకీ ఒకటే ఎడం. నాది తొందర, రెండు దెబ్బలు కలిసిపోయి మూడోది ఆలస్యమయ్యేది. "నువ్వు కొడితే గంటకి ఆకలేసినట్టుంటది మరియదాసూ" అనేది అమలమ్మ, మంచినీళ్ళ బావి దగ్గర బిందె చంకన పెట్టుకుని, మొహం అటు తిప్పుకుని, నవ్వు మాత్రం నా వైపు వదిలేసి. అంతే మా మధ్య జరిగింది. బావి దగ్గర నాలుగు మాటలు, క్రిస్మస్ పాటల ప్రాక్టీసులో రెండు చూపులు. ఒకసారి ఆమె జారవిడిచిన జపమాల తీసి ఇచ్చినప్పుడు వేళ్ళు తగిలాయి, ఆ వేళ్ళు ఎవరివో ఇద్దరికీ తెలీనట్టు నడుచుకుంటూ పోయాం. పెళ్ళి కాలేదు, మాట కాలేదు, ప్రపంచంలో ఎవరికీ తెలీదు.

ఆ శనివారం కూడా గాలి ఉత్తరం నుంచే. ఈ రోజులాగే. ఊళ్ళో మేడంటే మునసబు గారిది ఒక్కటే, మధ్యాహ్నానికి జనమంతా దాని పైకెక్కారు. పూజ సామాను కాపలాకి నాన్నా నేనూ గుళ్ళో ఉండిపోయాం. అంతకుముందు అమలమ్మని చూసింది పన్నెండింటికి, జ్వరంతో ఉన్న శౌరమ్మని భుజాన వేసుకుని, ఎగిరే పెంకుల మధ్య వంగి పరిగెత్తుతోంది. చేరిందో లేదో తెలీదు. మూడు గంటలసేపు గుడి తలుపుకి నా వీపు అడ్డం పెట్టి అదే ఆలోచించాను, పెంకు తగిలిందా, పడిపోయిందా, చేరిందా. అప్పుడు గాలి ఆగింది. నాన్న బయటికి వచ్చి ఆకాశం చూశాడు. పసుపు రంగు ఆకాశం, నేల మీద ఎగరలేక కూర్చున్న సముద్రపు పిట్టలు, మనిషి దగ్గరికి వెళ్ళినా కదలనివి. "నేను పాయ దాకా పోయి నీళ్ళు చూసొస్తా. గాలి ఒక పక్క నుంచే వచ్చిందిరా, రెండో పక్క ఇంకా రాలేదు. నేనొచ్చేదాకా తాడు ముట్టుకోకు" అన్నాడు. ఆయన నాతో మాట్లాడిన చివరి మాటలు. సరే నాన్నా అన్నాను. ఆయన చెయ్యి నా తల మీద పెట్టాడా? పెట్టాడని అనుకుంటాను. అంత ఖచ్చితంగా గుర్తున్నవాణ్ణి, ఆ ఒక్కటీ గుర్తులేదు.

మేడ దాకా నడిచి వెళ్ళి ఉండొచ్చు. ఎంత దూరం, పది నిమిషాలు. వెళ్ళి, మెట్లెక్కి, కళ్ళతో వెతికి, ఉందని చూసుకుని తిరిగి రావొచ్చు. కానీ అక్కడ వాళ్ళ నాన్న ఉంటాడు, ఏరా ఎందుకొచ్చావంటే ఏం చెప్పను? నీ కూతురు బతికుందో లేదో చూడ్డానికి వచ్చానండీ అని చెప్పనా? ఆ మాట చెప్పే ధైర్యం లేదు. గంటకి ధైర్యం అక్కర్లేదు. అడుగు దూరంలో తాడు. కొడితే అందరూ వస్తారు, అందరిలో ఆమె వస్తుంది, వస్తే బతికున్నట్టు. ఇంతే లెక్క. పంతొమ్మిదేళ్ళవాడి లెక్క. దేవుణ్ణి తలుచుకోలేదు, మొక్కు తలుచుకోలేదు, నాన్న మాట మాత్రం తలుచుకున్నాను, తలుచుకుని కూడా పట్టుకున్నాను. తాడు తడిసి బరువుగా ఉంది. కొట్టాను.

"కాశీ, కిందికి చూడరా! పాయలో నీళ్ళు కూడా లేవు!" కిటికీ దగ్గర ఎవరో అరిచారు. కాశీరావు వెళ్ళి రెక్క తీసి చూశాడు. "అదిగో! అడుగు బురద కనపడుతుంది. నా పడవ బురదలో కూర్చునుంది, బంగారంలాగ. ఇంకేంటమ్మా నీ భయం, నీళ్ళే పోయినయ్యి!" వినీల కిటికీ వైపు చూసింది, తాళంచెవి వైపు చూసింది, ఆ తరవాత నన్ను చూసింది. "తాతయ్యా… తీసేదా?" అంది. ఎవర్నీ అడగలేక నన్నడిగింది. వాళ్ళ నాన్న పోలిక, పెదవి కొరుకుతోంది. నాలుగూ ఇరవై నాలుగు. పాయలో నీళ్ళు లేవు.

వచ్చారు. మునసబు గారి మేడ మెట్లు దిగి, విరిగిన తాటిచెట్లు దాటుకుంటూ, పిల్లల్ని ఎత్తుకుని, ముసలివాళ్ళని పట్టుకుని, స్తోత్రం స్తోత్రం అనుకుంటూ వచ్చారు. అమలమ్మ అందరికంటే ముందు వచ్చింది. పరిగెత్తుతూ. నీలం చీర, గుడి కదా, కొంగు తల మీద కప్పుకుని ఉంది, నా పక్క నుంచి లోపలికి పోతూ ఒక్కసారి నన్ను చూసింది, నేను కొడుతూనే ఉన్నాను, ఆపితే ఆ చూపు ఆగిపోతుందన్నట్టు కొడుతూనే ఉన్నాను. అప్పుడు పాయ వైపు నుంచి నాన్న, రెండు చేతులూ ఊపుతూ, పంచె ఊడిపోతున్నా పట్టించుకోకుండా, "ఆపరా! నీళ్ళు లేవు! పాయలో నీళ్ళు లేవురా!" నీళ్ళు లేకపోతే మంచిదే కదా అనుకున్నాను. ఇంకో రెండు దెబ్బలు కొట్టాను. ఆ రెండు దెబ్బలు. నాన్న నన్ను దాటి పరిగెత్తాడు, తిట్టలేదు, గుడి తలుపు దగ్గర నిలబడి "బయటికి రండి, మేడకి పొండి" అని కేక వేశాడు, మోకాళ్ళ మీదున్నవాళ్ళు తల తిప్పారు. దక్షిణం నుంచి చప్పుడు వచ్చింది. రైలు వంతెన మీదికెక్కినట్టు. నేను చూసింది నల్లటి గోడ, దాని నెత్తిన తెల్లటి నురగ, తాటిచెట్ల కంటే ఎత్తో తక్కువో చెప్పలేను. తాడు నా చేతులకి చుట్టుకుని ఉంది. రైలు పట్టాలు వంగలేదు. గుడి నిలవలేదు. జనాన్ని పిలిచిన తాడే నన్నొక్కణ్ణి పట్టుకుని బతికించింది.

తరవాత బడిలో శిబిరం. గంజి, దుప్పట్లు, గోడకానుకుని కూర్చున్న మనుషులు. నోట్‌బుక్కుతో ఒక ఫాదర్ గారు వచ్చారు, మంచి మనిషి, కళ్ళజోడు ఒక అద్దం పగిలి ఉంది. మేడ మీద మిగిలినవాళ్ళు అంతకుముందే చెప్పారట, గంట మోగింది కాబట్టి వెళ్ళారని. ఆయన నా పక్కన కూర్చుని మెల్లిగా అడిగారు, "గంట కొట్టిందెవరు నాయనా?" ఆ పక్క చాప మీదే శౌరమ్మ, జ్వరం తగ్గని పదేళ్ళ పిల్ల, జ్వరం వల్లే ఎవరో ముసలమ్మ దగ్గర మేడ మీద వదిలేస్తే బతికింది, కళ్ళు తెరిచి నన్నే చూస్తోంది. "మా నాన్నండి" అన్నాను. రెండు మాటలు. ఆయన రాసుకున్నారు. అరచేతుల తోలు ఊడిపోయి ఉంది, ఇదేంటి నాయనా అంటే తాటిమట్ట పట్టుకున్నానండి అన్నాను. మొదటి అబద్ధానికి రెండోది కాపలా. మర్నాడు నిజం చెప్పొచ్చనుకున్నాను. ఆ మర్నాడు అనుకున్నాను. చచ్చినవాడికి పరువేంటి, బతికినవాడు బతకాలి కదా అని కూడా ఒకరోజు అనుకున్నాను, విజయవాడ లారీ మీద కూర్చుని, అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నాకే ఉమ్మేయాలనిపిస్తుంది.

వినీల తాళంలో చెవి పెట్టింది.

"తియ్యకు తల్లీ." నా గొంతే. లేచి నిలబడ్డాను. జనం నా వైపు తిరిగారు. "గాలి పోలేదు. సగమే అయింది. రెండో సగం సముద్రం వైపు నుంచొస్తది, నీళ్ళతో సహా." కాశీరావు నవ్వాడు. "విజయవాడలో పప్పులు తూచుకునే తాత వచ్చి మాకు సముద్రం గురించి చెప్తన్నాడు, వినండ్రా." "పాయలో నీళ్ళు ఎటుపోయినయ్యి కాశీరావూ?" అన్నాను. "ఎటుపోతే ఏంటి, పోయినయ్యి గదా." "ఉత్తరపు గాలి సముద్రంలోకి తోసేసింది. తిరిగొచ్చేటప్పుడు ఆ నీళ్ళొక్కటే రావు. మా నాన్న ఆ రోజు ఇదే చూశాడు." దానమ్మ చెయ్యి తిప్పింది. "చూసే గదయ్యా గంట కొట్టి ఊరిని చంపాడు, మా అత్త చెప్పేది."

"మా నాన్న కొట్టలేదు. ఆయన వద్దని చెప్పి పోయాడు. నేను కొట్టాను."

జపమాల పూసల చప్పుడు ఆగింది. నేను శౌరమ్మ వైపు చూడలేదు, గడియారం చూస్తూ చెప్పాను, నాలుగూ ఇరవై తొమ్మిది. "గాలాగింది, అయిపోయిందనుకున్నా. మీలాగే. నాన్న పరిగెత్తుకొచ్చి ఆపరా అన్నా ఆపలేదు. ఆ రాయి మీద ఉన్నవాళ్ళంతా నేను పిలిస్తే వచ్చినవాళ్ళు. తరవాత అడిగితే మా నాన్న పేరు చెప్పాను. ఇప్పుడు మీరు బయటికి పోతే ఇంకో రాయి వెయ్యాలి." "తాతయ్యా" అంది వినీల, ఆ ఒక్క మాట చాలా చిన్నగా అంది, నాకు ఇంకెప్పుడూ ఆ పిలుపు పాతలాగ వినపడదని అర్థమైంది. శౌరమ్మ లేచి వచ్చింది. నా ముందు నిలబడి "చేతులు చూపించు" అంది. చూపించాను. రెండు అరచేతుల మీదా అడ్డంగా, నున్నగా, తెల్లగా, తాడు మందాన మచ్చలు. వేలితో ఒకదాన్ని చివరిదాకా తడిమింది, నేను రాయి మీద పేర్లు తడిమినట్టు. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది. "నలభై ఎనిమిదేళ్ళు" అంది, "ఒక మంచోణ్ణి నా నోటితో తిట్టించావు గదరా." రా అంది. పొద్దున అన్నా అన్న నోరు.

తిరిగి వినీల దగ్గరికి వెళ్ళింది. "చెవి ఇటివ్వమ్మా." తీసుకుని కొంగు మూలన ముడేసి, ముడి నడుములో దోపుకుని, గ్రిల్ తలుపుకి వీపు ఆనించి కింద కూర్చుంది. "పోవాలనుకున్నోళ్ళు నన్ను తొక్కుకుంటా పొండి." కాశీరావు నాలుగడుగులు వేశాడు. "పిన్నీ, నా పడవ…" "పడవ పోతే పోద్ది. కూర్చో కాశీ." "అరగంట చూద్దాం, ఏం రాకపోతే మాత్రం…" "ఏం రాకపోతే నన్ను మీ అందరూ కలిసి తిట్టండి. తిట్టటం ఎట్లాగో నాకు బాగా తెలుసు, నేర్పిస్తా. కూర్చో." అతను కూర్చున్నాడు. అతను కూర్చుంటే అందరూ కూర్చున్నారు. నేను కూడా ఉన్నచోటే కూలబడ్డాను. గడియారం నడుస్తోంది. ఏమీ రావట్లేదు. రాకూడదని కోరుకోవాలి, మనిషన్నవాడు రాకూడదనే కోరుకోవాలి. నా లోపల ఒక నీచుడు మాత్రం రావాలని కోరుకున్నాడు, వస్తే నేను చెప్పిన నిజం నిజమవుతుందని. ఈ వయసులో కూడా నాలో వాడింకా ఉన్నాడు.

నాలుగూ నలభై ఒకటికి దక్షిణం వైపు కిటికీ రెక్క ఒకటి కొట్టుకుంది. ఇంతసేపూ ఒక్కసారి కూడా కదలని వైపు. ఆ వెంటనే అన్నీ. గాలి ఈసారి ఉప్పుగా వచ్చింది, మూసిన రెక్కల సందుల్లోంచి కూడా నాలుక మీద ఉప్పు తగిలింది. కింద స్తంభాల చుట్టూ ముందు గలగల, తరవాత గుడగుడ, ఆ తరవాత పేరు లేని చప్పుడు. నేల వణికింది. పిల్లలు ఏడ్చారు. దానమ్మ వాళ్ళ దేవుళ్ళందరినీ, మా దేవుణ్ణి కూడా కలిపి పిలిచింది. వినీల జనం మధ్య తిరుగుతూ "గోడలకి దగ్గరగా రండి, కిటికీల దగ్గర ఉండకండి" అని అరుస్తోంది, గొంతు వణకట్లేదు. కాశీరావు మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు, మెట్ల మీద ఎన్నో మెట్టు దాకా నీళ్ళొచ్చాయో చూసిన మొహం అతనిది.

అప్పుడు గంట మోగింది.

నూట అరవై మంది నా చేతుల వైపు చూశారు. నా ఒళ్ళో ఉన్నాయి, రెండూ, తెరిచి. కింద, నీళ్ళ మధ్య, రైలు పట్టాలకి వేలాడే గంటని గాలి కొడుతోంది. "ఈసారి నువ్వు కాదులే తాతా" అన్నాడు కాశీరావు తల ఎత్తకుండా, అది ఎత్తిపొడుపో ఓదార్పో నాకు తెలీలేదు. శౌరమ్మ తలుపు దగ్గర్నించి నన్ను పిలిచింది. పక్కన కూర్చోమనలేదు, అయినా వెళ్ళి కూర్చున్నాను, హోరులో వినపడాలంటే దగ్గరగా ఉండాలి.

"కొట్టేది నువ్వని అక్కకి తెలుసా?"

ఎందుకు కొట్టానో ఆమె అడగలేదు. అడిగింది ఇది. "తెలిసే ఉంటది" అన్నాను. "నాన్న కొట్టే తీరు వేరు, నాది వేరు. ఆమెకి తెలుసు."

శౌరమ్మ కొంగు ముడి మీద చెయ్యి వేసి, ఎదురుగోడ చూస్తూ కూర్చుంది.

"నన్ను నిద్రలేపింది" అంది చివరికి. "గంట మోగుతుంటే. ఒళ్ళు కాలిపోతున్నా లేపి, దువ్వెనెక్కడ పెట్టావే శౌరీ అని అడిగింది. అందరూ స్తోత్రం స్తోత్రం అంటా మెట్లు దిగుతున్నారు, ఇది తడిసిన తల విప్పి, పాపిడి తీసి దువ్వుకుంది. ఊరు మునుగుతుంటే తల దువ్వుకునే పిచ్చిది ఎవరుంటారు అని… ఇన్నేళ్ళూ అర్థం కాలేదు నాకు."

కొంగు కింద నేను చూడని పాపిడి. శౌరమ్మ ఇంక నా వైపు తిరగలేదు. "తెల్లారినాక ఫాదర్ గారితో నువ్వే చెప్పాలి" అంది. "లాజరు పేరు మా అక్క పేరు కింద చెక్కిస్తా. నీ నోటితో చెప్పినాకే." తలూపాను. బయట గంట కొట్టుకుంటూనే ఉంది, రెండు దెబ్బలు కలిసిపోయి, మూడోది ఆలస్యంగా, ఆకలేసినట్టు. అందరూ వింటున్నారు. ఎవరూ లేవలేదు.